బాత్రూం యాసిడ్‌ను పలచన చేసి అమ్మాలి

యాసిడ్ అనగానే ఒంటి మీద పడితే ఏమవుతుందన్న భయమే ముందు వస్తుంది. 2008లో వరంగల్‌లో ఇంజినీరింగ్ విద్యార్థినులపై జరిగిన దాడి గుర్తున్నవారికి అది సహజం. 2013 జూలైలో సుప్రీంకోర్టు విడి అమ్మకాలపై పెట్టిన ఆంక్షలూ ఆ భయంలోంచి వచ్చినవే: గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరులో రాయాలి, 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు. కొనేది ఎవరన్నదే ఇక్కడ ప్రశ్న. సీసాలో గాఢత ఎంతన్న ప్రశ్న ఆ ఆంక్షల్లో లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి పట్టణాల్లో మామూలు ఇళ్లకు ముప్పు మాత్రం ఆ గాఢతలోనే ఉంది.

బాత్రూం యాసిడ్‌గా చెలామణి అయ్యే హైడ్రోక్లోరిక్ ఆమ్లం నిజానికి నీళ్లలో కరిగిన వాయువు. సల్ఫ్యూరిక్ ఆమ్లం మామూలు ఎండకు ఆవిరి కాదు. బాత్రూం యాసిడ్ మాత్రం మూత తీయగానే ఆవిరై లేస్తుంది. కనిపించే తెల్లటి పొగ, ఆ వాయువు గాలిలోని తేమతో కలిసి ఏర్పడే ఆమ్లపు తుంపర. 20 డిగ్రీల వేడిమి దగ్గర 30 శాతం ద్రావణం మీద ఈ వాయువు ఒత్తిడి, 10 శాతం ద్రావణం మీద ఉండేదానికంటే వెయ్యి రెట్లకు పైనే. గాఢత మూడింతలే, ఘాటు వెయ్యింతలు! మే ఎండల్లో ఆవిరి ఇంకా ఎక్కువ లేస్తుంది. సిరిసిల్లలో సాంచెలూ (మరమగ్గాలూ) సంసారమూ ఒకే కప్పు కింద ఉన్నచోట మూత వదులైన డబ్బా పెడితే ఇనుము తుప్పు పడుతుంది. ఆ గాలే పీల్చే మనుషుల సంగతి వేరే చెప్పాలా?

పలచనిదైతే మరక వదలదంటారు. బోరు నీళ్ల వల్ల పేరుకునే పెచ్చు ఎక్కువగా కాల్షియం కార్బొనేటే. దాన్ని కరిగించడానికి 10 శాతం చాలు, కాసేపు ఆగాలంతే. పేరున్న టాయిలెట్ క్లీనర్లలో ఉండేదీ దాదాపు అంతే. మిగిలిన ఘాటు టైల్స్ సందుల్లోని సిమెంటును తింటుంది. పేదలకు ఖరీదవుతుందన్నది ఇంకో మాట. కలిపేది నీళ్లే కాబట్టి పెరిగేది సీసా, లేబుల్ ఖర్చే. ఇంట్లోనే కలుపుకోవచ్చు కదా అంటే, పొగ ముఖానికి కొట్టేది ఆ కలిపేటప్పుడే.

రైతుల అభ్యంతరం మాత్రం బలమైనది. జగిత్యాల, కోరుట్ల వైపు పసుపు, మామిడి తోటల్లో డ్రిప్ పైపులకు పట్టిన ఉప్పు వదలాలంటే పారే నీళ్లలో కలపడానికి గాఢమైన ఆమ్లమే కావాలి. వారికి రిజిస్టరులో రాసి ఇవ్వొచ్చు. కానీ నాచు పోవడానికి అదే పైపుల్లోకి బ్లీచింగ్ పౌడర్ నీళ్లూ వదులుతారు. రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలిన విషవాయువు అదే. బ్లీచింగ్ చల్లిన మరుగుదొడ్లో యాసిడ్ పోసినా అంతే. పలచన ఆమ్లంతోనూ క్లోరిన్ వస్తుంది, కాబట్టి నీళ్లు కలిపినంత మాత్రాన పని పూర్తి కాదు. పాత మంచినీళ్ల సీసాలో పోసి అమ్మితే లోపల ఏముందో, దేనితో కలపకూడదో కొన్నవారికి ఎలా తెలుస్తుంది? ఇళ్లకు అమ్మేది 10 శాతం దాటకూడదని, బ్లీచింగ్‌తో కలపొద్దన్న హెచ్చరిక తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలని నిబంధన రావాలి. ఆ రెండింటినీ పాటించని సీసాను దుకాణంలో ఉంచనివ్వకూడదు.