తలుపుకి ఆ పక్క జెమ్మా, ఈ పక్క హెల్లీ

పోయిన వారం పోస్టు కింద ముగ్గురు నలుగురు విద్యార్థులు ఒకటే అడిగారు. "అన్నా, ‘సెవరెన్స్’ రెండో సీజన్ ముగింపు మీద రాస్తానన్నావు కదా, ఎప్పుడు?" అని. బద్ధకించి ఆపలేదు. ఆ ముగింపు నచ్చిందో లేదో నాకే తేలలేదు. రెండోసారి చూశాక కూడా తేలలేదు. సరే, తేలనిదాన్ని తేలనట్టే రాద్దామని కూర్చున్నా. చివర ఏమవుతుందో ముందే తెలిస్తే బాధపడేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

మొదటి సీజన్ చూసి మర్చిపోయినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. లూమన్ అనే కంపెనీ కొందరి మెదడులో చిప్ పెడుతుంది. లిఫ్టులో ఆఫీసు అంతస్తుకి దిగగానే బయటి జీవితం మొత్తం మర్చిపోతారు. సాయంత్రం బయటికొచ్చాక లోపల ఏం చేశారో గుర్తుండదు. లోపలి మనిషి ఇన్నీ, బయటి మనిషి ఔటీ. ఔటీకి ఇల్లు, నిద్ర, జీతం, ఆదివారం ఉంటాయి. ఇన్నీకి పని ఒక్కటే ఉంటుంది. లిఫ్టు ఎక్కి కళ్లు మూసి తెరిస్తే మళ్లీ అదే ఆఫీసు, అదే కుర్చీ.

పని కోసమే పుట్టించిన మనిషి. తన బతుకు మీద ఇంకొకరు సంతకం పెట్టిన మనిషి. 2022లో మొదటి సీజన్ చూసినప్పుడే ఇది నన్ను పట్టుకుంది. బాబాసాహెబ్ 1936లో ‘కులనిర్మూలన’లో పని విభజన గురించి చేసిన చర్చ చదివినవాళ్లకి ఈ ఆఫీసు పరాయిగా అనిపించదు. అట్లాగని రెండూ ఒకటే అనను. ఔటీ ఒక కాగితం రాసి రాజీనామా చేస్తే ఈ ఏర్పాటు ఆగిపోతుంది. మన దగ్గర అట్లాంటి కాగితం లేదు.

ఇక ముగింపు. పేరు ‘కోల్డ్ హార్బర్’. 2025 మార్చి 21న వచ్చింది. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది పోరాటం కాదు, మాటలు. ఒకే మనిషిలోని ఇద్దరు మార్కులు వీడియో కెమెరాలో ఒకరికొకరు రికార్డు చేసుకుంటూ మాట్లాడుకుంటారు. చనిపోయిందనుకున్న భార్య జెమ్మా లూమన్ నేలమాళిగలో బందీగా ఉందని ఔటీకి తెలిసింది. ఆమెని బయటికి తేవాలంటే ఇన్నీ సాయం కావాలి. అందుకే చాలా మర్యాదగా, చాలా జాలిగా మాట్లాడతాడు. నీకు అన్యాయం చేశాను, క్షమించు, మనిద్దరి జ్ఞాపకాలూ కలిపేద్దాం అంటాడు. అంటూనే, ఇన్నీ ప్రేమించిన హెల్లీ పేరుని ‘హెలెనీ’ అని పలుకుతాడు.

ఆ ఒక్క తప్పుతో సీను తిరగబడుతుంది. నీకు ఇన్నేళ్ల జీవితం ఉంది, నాది రెండేళ్లు, రెండూ కలిపితే మిగిలేదెవరు అని ఇన్నీ నిలదీస్తాడు. ఔటీకి ఒక్కసారిగా కోపం వస్తుంది. మన ఊళ్లల్లో, మన క్యాంపసుల్లో ఈ మర్యాదని ఎన్నిసార్లు చూడలేదూ? మనకోసం మాట్లాడుతున్నాం అంటారు. మన పేరు సరిగ్గా పలకరు. ఎదురు ప్రశ్న వేస్తే మొహం మారిపోతుంది. ఈ ఒక్క సీను రాసినందుకు డాన్ ఎరిక్సన్‌కీ, తీసినందుకు బెన్ స్టిల్లర్‌కీ దండం పెట్టొచ్చు.

అసలు చిక్కు చివరి నిమిషాల్లో ఉంది. ఇన్నీ మార్క్ జెమ్మాని మెట్ల తలుపు దాకా తెచ్చి బయటికి పంపిస్తాడు. గడప దాటగానే ఆమెకి అన్నీ గుర్తొస్తాయి. అద్దం అవతల నుంచి తలుపు బాదుతూ భర్తని పిలుస్తుంది. ఇతను కూడా ఒక్క అడుగు వేస్తే ఔటీ అయిపోతాడు, భార్య దగ్గరికి చేరతాడు. కానీ వెనక హెల్లీ నిలబడి ఉంటుంది. ఇన్నీ ఇద్దరినీ చూసి, వెనక్కి తిరిగి, హెల్లీ చెయ్యి పట్టుకుని ఎర్ర లైట్ల కారిడార్లో పరిగెత్తుతాడు. అంతే, సీజన్ అయిపోయింది.

నేను చప్పట్లు కొట్టాను. నిజం చెప్తున్నా. ఒకరి సుఖం కోసం పుట్టించిన మనిషి, నా బతుకు నాది, నేను త్యాగం చెయ్యను అన్నాడు. త్యాగం చెయ్యమని ఎప్పుడూ కిందివాళ్లనే అడుగుతారు. అతను వద్దన్నాడు. అతన్ని స్వార్థపరుడు అనేవాళ్లతో నాకు పేచీ ఉంది.

కానీ ఆ అద్దం బాదిన చప్పుడు నన్ను వదల్లేదు. ఈ కథలో అందరికంటే ఎక్కువ నలిగింది జెమ్మా. ఒక్కో గదిలో ఒక్కో కొత్త మనిషిని చేసి ఆమె మీద ప్రయోగాలు చేశారు. ఆఖరి గదిలో, బిడ్డని పోగొట్టుకున్న తల్లి చేత ఊయల మంచం విప్పించి, నొప్పి తెలుస్తుందా లేదా అని చూశారు. అంత మోసిన మనిషికి కథ ఇచ్చిన ఆఖరి పని, ఇద్దరి ప్రేమకి అడ్డంగా నిలబడి ఏడవడం. పైగా హెల్లీ ఎవరు? బయట ఆమె హెలెనా ఈగన్, లూమన్ యజమాని కూతురు. ఇదే ఎపిసోడ్లో ఆ యజమాని హెల్లీ దగ్గరికొచ్చి, వంశకర్త కియర్ నీలోనే కనిపిస్తున్నాడు అంటాడు. తిరుగుబాటుదారే వారసురాలు కూడా. ఈ ముల్లు చూపించి, దాని మీద ప్రేమ పరుగు పరిచేశారు.

ఇక మిల్చిక్. నల్లజాతి సూపర్‌వైజర్. ప్రమోషన్ ఇచ్చినప్పుడు యాజమాన్యం అతనికి బహుమతి పంపింది: కియర్ మొహానికి నల్లరంగు వేసిన బొమ్మలు. తర్వాత రివ్యూలో తప్పులు చదివారు, పెద్ద పెద్ద మాటలు వాడుతున్నావని. ఆ తర్వాత అతను అద్దం ముందు నిలబడి తన వాక్యాన్ని తనే కోసుకుంటూ పోతాడు, ఒక్క మాట మిగిలేదాకా. నా మొదటి ఉద్యోగంలో ఒక పెద్దాయన "ఇంత మంచి ఇంగ్లీషు నీకెక్కడిదయ్యా" అని పదిమందిలో నవ్వాడు. ఆ తర్వాత నెలరోజులు నేను మీటింగుల్లో చిన్న చిన్న మాటలే వాడాను. అందుకే ఆ సీను దగ్గర ఆపేసి బయటికెళ్లి వచ్చాను.

ముగింపులో మిల్చిక్ కియర్ బొమ్మతో మాటకి మాట అన్నప్పుడు, ఇప్పుడు పగులుతాడు అనుకున్నా. పగల్లేదు. బ్యాండు మేళం ముందు అద్భుతంగా ఆడాడు. తర్వాత బాత్రూములో చిక్కుకుని, కంపెనీ తరఫునే తలుపు గుద్దాడు. ఆ నటనకి ట్రామెల్ టిల్‌మన్‌కి 2025లో ఎమ్మీ వచ్చింది. డ్రామా సహాయనటుల విభాగంలో ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి నటుడు అతనే. సంతోషమే. పాత్రకి మాత్రం బాకీ తీర్చలేదు.

ఇప్పుడు నా లెక్క చెప్తా. ఇన్నీ వద్దన్నది న్యాయం. జెమ్మా తలుపు బాదడం కూడా న్యాయం. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టే తలుపు కట్టింది లూమన్. ముగింపు మన కళ్లని తలుపుకి అటూ ఇటూ తిప్పింది, కట్టినవాడి వైపు తిప్పలేదు. మార్క్ ఎవర్ని ఎంచుకోవాలి అని మనం కొట్టుకుంటున్నాం. నా ఫిర్యాదు అదే. సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇది సిరీస్ ముచ్చట మాత్రమే కాదని తెలుసు. పోయిన నెల మనలో మనం పడ్డ గొడవ ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

మూడో సీజన్ ఉంటుందని ముగింపు రోజే చెప్పారు. చూస్తాను. మొదటి ఎపిసోడ్లో నేను వెతికేది పరిగెత్తిన ఇద్దరినీ కాదు. మెట్ల దగ్గర ఒంటరిగా నిలబడ్డ జెమ్మాని, బాత్రూము తలుపు గుద్దిన మిల్చిక్‌ని.

వేరేలా అనిపించినవాళ్లు కింద రాయండి, తిట్టినా పర్వాలేదు. మిగతాది వచ్చే వారం.

జై భీమ్.