వాసన లేని గ్యాస్

వంటింట్లో గ్యాస్ లీకైతే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసు. నిజానికి గ్యాస్‌కు ఏ వాసనా ఉండదు. ఆ కంపు మనకోసం కావాలని కలిపేది. దాని వెనక అమెరికాలో తూర్పు టెక్సాస్ చమురు పల్లెల కథ ఉంది. ఎన్నిసార్లు చదివినా నాకు గుండె బరువెక్కే కథ.

అవి పత్తి పండించుకునే పేదపల్లెలు, పైగా ఆర్థికమాంద్యం రోజులు. 1930 అక్టోబర్‌లో, రస్క్ కౌంటీలో డైజీ బ్రాడ్‌ఫర్డ్ అనే వితంతువు పొలంలో, అందరూ ‘డాడ్’ అని పిలిచే డెబ్బై ఏళ్ళ జాయినర్ తవ్వించిన బావి నుంచి చమురు ఎగజిమ్మింది. అంతకుముందు రెండు బావులు చెడిపోయాయి. కూలి ఇవ్వడానికి డబ్బు చాలక వాటా కాగితాలు రాసిచ్చాడు. ఆ వాటాలే ఒకరికి అమ్మినవి ఇంకొకరికీ అమ్మాడు. బావి ఎండిపోయి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు. చమురు పడింది కాబట్టి అందరూ కాగితాలు పట్టుకుని వచ్చారు, కోర్టుకెక్కారు. నవంబర్ చివరికల్లా ఆయన తన హక్కులన్నీ హంట్ అనే వ్యాపారికి అమ్ముకుని తప్పుకున్నాడు.

పక్కనే కిల్గోర్ అనే ఊరు. ఐదారు వందల మంది ఉండే ఆ ఊరికి కొద్దివారాల్లో పదివేల మంది వచ్చిపడ్డారు. గుడారాల్లో, గుడిసెల్లో, బురదలో కాపురాలు. డిసెంబర్ 28 ఆదివారం, లూ డెల్లా క్రిమ్ అనే ఆవిడ చర్చిలో ఉండగా ఆవిడ పొలంలో బావి పడింది. ఆ తర్వాత ఇళ్ళ పెరళ్ళలో కూడా బావులు లేచాయి. ఒక బ్యాంకు నేలను తొలిచి మరీ ఒక బావి దింపారు. ఒకే ఒక్క ఎకరం చిల్లర స్థలంలో ఇరవైనాలుగు బావులు.

దీన్ని ఉత్త అత్యాశ అని తోసిపారేయలేం. అక్కడి చట్టమే అలా ఉంది. భూమి కింద చమురుకు గట్లు లేవు, ఎవరి బావిలోకి వస్తే వాళ్ళదే. పక్కింటివాడు బావి తవ్వి తోడుతున్నాడంటే మన నేల కిందిది కూడా జారి అతని బావిలోకి పోతుంది. కాబట్టి నువ్వూ తవ్వాలి, అతనికంటే వేగంగా తోడాలి. నిన్నటిదాకా పత్తి చేలో బదులుసాయం చేసుకున్న ఇరుగుపొరుగు ఆ చట్టం కింద పోటీదారులైపోయారు. అందరూ కలిసి తోడేసరికి పీపా ధర పది, పదిహేను సెంట్లకు పడిపోయింది. 1931 ఆగస్టులో గవర్నర్ సైన్యాన్ని దించి బావులు మూయించాల్సి వచ్చింది.

అయినా ఆ చమురు డబ్బుతో అక్కడివాళ్ళు ఒక మంచి పని చేశారు. న్యూ లండన్ అనే చిన్న ఊళ్ళో సుమారు పది లక్షల డాలర్లతో బడి కట్టారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బావి కూలీల పిల్లలు, పాత రైతుల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చున్నారు. పెద్దవాళ్ళ మధ్య కుదరని చుట్టరికం అక్కడ కుదిరింది.

1937 మొదట్లో ఆ బడి పాలకవర్గం నెలకు సుమారు మూడు వందల డాలర్ల గ్యాస్ ఖర్చు తగ్గించుకోవాలనుకుంది. చమురుతో పాటు వచ్చే గ్యాస్‌ను కంపెనీలు ఎలాగూ మంటపెట్టి వృథా చేస్తున్నాయి. ఇళ్ళవాళ్ళు, చర్చిలవాళ్ళు ఆ గ్యాస్ పోయే గొట్టాలకు తూములు పెట్టుకునేవారు. బడికీ అలాగే పెట్టారు. ఊరంతా చేసే పని కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు. పిల్లలు తలనొప్పి అంటున్నా ఎవరూ పట్టించుకోలేదు. ఆ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. లీకై, బడి నేల అడుగున ఖాళీలో నిండిపోయింది.

మార్చి 18 గురువారం, బడి వదలడానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉంది. పక్కనున్న వ్యాయామశాలలో తల్లుల సమావేశం జరుగుతోంది. వడ్రంగం నేర్పే మాస్టారు చెక్క నునుపు చేసే యంత్రం స్విచ్ వేశారు. దాన్నుంచి లేచిన నిప్పురవ్వతో భవనం పైకి లేచి కూలిపోయింది. సుమారు మూడు వందల మంది పోయారు, వాళ్ళలో ఎక్కువమంది పిల్లలే.

బావుల మీద పనిచేసే తండ్రులు పరుగున వచ్చారు. వానలో, రాత్రంతా, చేతులతో శిథిలాలు తీశారు. ఏ రాయి కింద ఎవరి బిడ్డ ఉన్నాడో తెలియదు. దొరికిన ప్రతి బిడ్డనూ తమ బిడ్డలాగే ఎత్తుకున్నారు. పీచ్ పండ్ల బుట్టల్లో రాళ్ళు మోశారు. తెల్లారేసరికి ఆ చోటు ఖాళీ అయింది.

ఆ తర్వాత ఊరు మాట్లాడటం మానేసింది. బతికిన పిల్లలు తల్లిదండ్రుల ముందు ఆ మాట ఎత్తలేదు. తల్లిదండ్రులు బతికినవాళ్ళ ముందు ఎత్తలేదు. బతికినవాళ్ళు తొలిసారి ఒకచోట కలుసుకున్నది నలభై ఏళ్ళ తర్వాత, 1977లో. నన్ను అన్నిటికంటే కలచివేసేది ఆ మౌనమే.

ప్రమాదం జరిగిన కొద్దివారాల్లోనే టెక్సాస్ శాసనసభ గ్యాస్‌లో ఘాటైన వాసన కలపాలని చట్టం చేసింది. మెల్లగా ప్రపంచమంతా ఆ దారి పట్టింది. మన సిలిండర్‌లోని కంపు ఆ పిల్లలు మనకిచ్చిన హెచ్చరిక.

కోనసీమవాళ్ళకు ఇది దూరదేశపు కథ కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఆ కొబ్బరితోటల కింద ఇప్పటికీ పైపులున్నాయి. ఏ పైపు ఎప్పుడు వేశారు, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అన్న కాగితాన్ని ఏటా గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. అది కంపెనీల దయ కాకూడదు, చట్టం కావాలి. అందుకు ఇంకో ప్రమాదం దాకా ఆగకూడదు.

మీ ఇంట్లో ఆ వాసన వస్తే ఏ స్విచ్ వేయకండి, ఆపకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, పిల్లలతో బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.