స్టీల్ ఫ్రేమా, అల్యూమినియం ఫ్రేమా? నా ఓటు మాత్రం ‘సిల్వర్ గిన్నె’కే

మా ఇంట్లో స్టీల్ అంటే గౌరవం, అల్యూమినియం అంటే చులకన. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు స్టీల్ డబ్బా మీద పేరు కొట్టించి మరీ ఇస్తారు. రోజూ అన్నం వండే సిల్వర్ గిన్నె మీద ఎవరి పేరూ ఉండదు. ఆ చిన్నచూపు నాకు తెలియకుండానే ఫోన్ల దాకా వచ్చేసింది.

రెండేళ్ల కిందట నాన్నకి ఫోన్ కొందామని సెకండ్ హ్యాండ్‌లో వెతికాను. ఒకే బడ్జెట్‌లో రెండు దొరికాయి. ఒకటి స్టీల్ ఫ్రేమ్ ఉన్న పాత ఫ్లాగ్‌షిప్, రెండోది అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న మామూలు మోడల్. ‘స్టీల్ కదా, గట్టిగా ఉంటుంది’ అనుకుని మొదటిదే తీసుకున్నా. బీటెక్‌లో మెటీరియల్స్ జోలికి వెళ్లని సాఫ్ట్‌వేర్ వాడి లాజిక్ అది. పైన ఒక మందపాటి కేస్ కూడా వేయించాను. తర్వాతెప్పుడో వంటింటి కాటా మీద పెట్టి చూస్తే మొత్తం 280 గ్రాములు తూగింది.

అక్క అమెరికాలో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే నాన్నకి వీడియో కాల్ చేస్తుంది. అంతకుముందు అరగంట నడిచే కాల్ కొత్త ఫోన్ వచ్చాక ఐదు నిమిషాలకి తగ్గిపోయింది. “నాన్నకి నాతో మాట్లాడాలని లేదారా?” అని అక్క నన్ను అడిగింది. నేను నాన్నని అడిగితే అసలు సంగతి బయటపడింది. “అది కాదురా, ఫోన్ బరువు. ఎత్తి పట్టుకుంటే భుజం లాగేస్తోంది. నువ్వు అంత డబ్బు పోసి కొన్నావని చెప్పలేదు” అన్నారు. స్టాండ్ కొనొచ్చు కదా అంటారేమో, కొన్నాను. కానీ పెరట్లో మామిడి పూత చూపించాలంటే ఫోన్ చేత్తో పట్టుకునే నడవాలి కదా!

బరువు ఎక్కడి నుంచి వస్తోంది?

స్టెయిన్‌లెస్ స్టీల్ సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 8 గ్రాములు. అల్యూమినియంది 2.7. అంటే ఒకే సైజు ముక్క తీసుకుంటే స్టీల్ దాదాపు మూడు రెట్లు బరువు. దీనికి మంచి ఉదాహరణ 2022లో వచ్చిన ఐఫోన్ 14 సిరీస్. అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న 14 ప్లస్ బరువు 203 గ్రాములు, స్టీల్ ఫ్రేమ్ ఉన్న 14 ప్రో మ్యాక్స్ బరువు 240 గ్రాములు. రెండిట్లోనూ 6.7 అంగుళాల స్క్రీనే, కొలతలు కూడా దాదాపు ఒకటే. ఈ 37 గ్రాములూ ఫ్రేమ్ వల్లే అనను, ప్రో మ్యాక్స్‌లో కెమెరాలు కూడా పెద్దవి. అయితే స్టీల్ వాటా అందులో తక్కువేమీ కాదు.

కింద పడితే స్టీలే మేలు కదా?

నేనూ అలాగే అనుకున్నా. స్టీల్ గట్టిదే. వంగకుండా తట్టుకోవడంలో అల్యూమినియం కంటే సుమారు మూడు రెట్లు బలమైనది. 2014లో ఐఫోన్ 6 జేబులో వంగుతోందని ఎంత గొడవ అయిందో గుర్తుందిగా? కానీ మరుసటి ఏడాది 6ఎస్‌లో ఆపిల్ స్టీల్‌కి మారలేదు, ఇంకా బలమైన 7000 సిరీస్ అల్యూమినియం వాడింది. మిశ్రమం సరిగ్గా ఎంచుకుంటే అల్యూమినియంతోనూ పని జరుగుతుందన్నమాట.

పైగా ఫోన్ పడినప్పుడు చాలావరకు పగిలేది గ్లాసు, ఫ్రేమ్ కాదు. ఒకే ఎత్తు నుంచి పడితే బరువైన ఫోన్‌కే దెబ్బ పెద్దది. 203 గ్రాములతో పోలిస్తే 240 గ్రాముల ఫోన్ నేలను తాకేటప్పుడు శక్తి సుమారు 18 శాతం ఎక్కువ. అల్యూమినియం మూల సొట్టపడి ఆ దెబ్బలో కొంత తను తీసుకుంటుంది. చూడటానికి బాగోదు, నిజమే. ఆ సొట్ట సరిచేయకపోతే రేపు డిస్‌ప్లే మార్చేటప్పుడు కొత్తది సరిగ్గా కూర్చోదు కూడా. సెకండ్ హ్యాండ్‌లో అల్యూమినియం ఫోన్ కొంటుంటే ముందు కేస్ తీయించి నాలుగు మూలలూ చూడండి.

వేడి సంగతి

ఇది అమ్మకి మనకంటే బాగా తెలుసు. సిల్వర్ గరిటె మరిగే పులుసులో వదిలేస్తే పిడి దాకా కాలిపోతుంది. స్టీల్ గరిటె పిడి అంత త్వరగా కాలదు. అల్యూమినియం వేడిని స్టీల్ కంటే సుమారు పది రెట్లు బాగా లాగుతుంది మరి. వంటింట్లో చెయ్యి కాల్చే ఈ గుణమే ఫోన్‌లో పనికొస్తుంది. చిప్ దగ్గర పుట్టిన వేడి ఒకేచోట నిలవకుండా ఫ్రేమ్ అంతా పాకి గాలిలోకి పోతుంది. అంచులు వెచ్చబడగానే ‘హీటింగ్ ఇష్యూ’ అని కంగారు పడతాం కానీ, చాలాసార్లు దాని అర్థం వేడి బయటికి వస్తోందనే. ఈ పనికి లోపల గ్రాఫైట్ షీట్లు, వేపర్ ఛాంబర్లు కూడా ఉంటాయి. ఫ్రేమ్ వాటికి తోడు.

మధ్యలో టైటానియం కూడా వచ్చింది. ఐఫోన్ 15 ప్రో, 16 ప్రోలలో వాడారు. స్టీల్ కంటే తేలిక, కానీ వేడిని పంచడంలో స్టీల్ కంటే కూడా వెనకే. 2025లో 17 ప్రో మళ్లీ అల్యూమినియంకి వచ్చేసింది, లోపల వేపర్ ఛాంబర్‌తో. ప్రో మోడల్‌కే సిల్వర్ గిన్నె చాలినప్పుడు మనకెందుకు నామోషీ?

మరి స్టీల్ ఎవరికి?

కేస్ లేకుండా వాడేవాళ్లకి. స్టీల్ మీద సొట్టలు అంత తేలిగ్గా పడవు. పైన రంగు పూత లేని మెరుపు స్టీల్ మీద సన్నగీతలు పడితే పాలిష్ చేయించుకోవచ్చు. అదే అల్యూమినియం మీద అనోడైజ్డ్ రంగు ఒకసారి లేస్తే కింద తెల్లటి లోహం కనిపిస్తూనే ఉంటుంది. చేతిలో బరువుగా ఉంటేనే ప్రీమియం అనిపించేవాళ్లూ ఉన్నారు, అది వాళ్ల ఇష్టం. కానీ బాక్స్‌లోంచి తీసిన ఐదో నిమిషంలో కేస్ తొడిగేవాళ్లం మనలో ఎక్కువ. అప్పుడు స్టీల్ మెరుపు కేస్ లోపల, దాని బరువు మాత్రం మన చేతిలో.

అందుకే స్పెసిఫికేషన్లలో లోహం పేరు కంటే ముందు గ్రాములు చూడండి. కుదిరితే షాపులో డెమో ఫోన్‌ని వీడియో కాల్‌లో పట్టుకున్నట్టు ఐదు నిమిషాలు ఎత్తి పట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకి కొంటుంటే వాళ్లనే తీసుకెళ్లి పట్టుకోమనండి. నేను చేయనిది అదే.

స్టీల్ ఫోన్ ఇప్పుడు నా దగ్గర ఉంది, బల్ల మీద యాప్ టెస్టింగ్‌కి పనికొస్తోంది. నాన్నకి అల్యూమినియం ఫ్రేమ్ ఫోన్ ఇచ్చాను, పల్చటి కేస్‌తో కలిపి 190 గ్రాములు. మొన్న ఆదివారం నేను ఫోన్ చేస్తే నలభై నిమిషాలు బిజీ వచ్చింది.