వేలిముద్రకూ వేయాలి తాళం!

'బాబాయ్, ఆధార్ నా నంబరుకి వాట్సాప్ చెయ్యి. ప్రింట్ తీసిస్తా...'

వేటపాలెంలోనే కాదు, ఏ ఊళ్లో జిరాక్స్ షాపుకి వెళ్లినా వినిపించే మాటే ఇది. బాబాయ్ పంపిస్తాడు. ప్రింటు తీసుకుని, డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. ఫొటో మాత్రం వెళ్లదు. షాపు కుర్రాడి ఫోన్లో ఒకటి, కంప్యూటర్‌లోని 'డౌన్‌లోడ్స్' ఫోల్డర్‌లో ఇంకొకటి... అలా ఉండిపోతుంది. దాని పక్కనే ఆ వీధివాళ్లవి ఇంకో వంద. కుర్రాడు మంచివాడే కావచ్చు. రేపు ఆ కంప్యూటర్ని పాత సామాన్ల కింద అమ్మేస్తే?

మగ్గం ఉన్న ఇంటికి ఈ కాగితాలతో పని ఎక్కువ. 2019లో మొదలైన నేతన్న నేస్తం కింద సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏటా 24 వేల రూపాయలు ఇచ్చేవారు. దానికీ ఆధార్ కావాలి, బ్యాంకు పాసు పుస్తకం కావాలి. పింఛనుకీ అంతే, రేషనుకీ అంతే. ఇవ్వనంటే పని జరగదు. ఇచ్చాక దాన్ని ఎవరు ఎలా దాస్తున్నారో మనకు తెలీదు.

దాచలేదనడానికి సాక్ష్యం మన రాష్ట్రంలోనే ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో దాదాపు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులమతాల వివరాలతో సహా బహిరంగంగా కనిపించాయి. దొంగలెవరూ తాళం పగలగొట్టలేదు. అసలు తాళమే వేయలేదు!

అదే ఏడాది తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఓ డీలరు ఇంకో దారి కనిపెట్టాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో దొరికే ఆస్తి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీద వేలిముద్రలుంటాయి కదా! వాటితో రబ్బరు ముద్రలు చేసి, ఊరూపేరూ తెలియనివాళ్ల పేరిట వేల సిమ్‌లు తెరిచాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఇంకో అడుగు ముందుకేసింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ సైటులోని దస్తావేజుల నుంచి ముద్రలు తీసి నేరుగా బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బే లాగింది.

ఓటీపీ లేకుండా ఎలా సాధ్యం? బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతి ఉంది కదా, ఏఈపీఎస్ అంటారు. దానికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. ఏటీఎం కార్డు పోతే కొత్తది ఇస్తారు. పాస్‌వర్డ్ తెలిసిపోతే మార్చుకుంటాం. బొటనవేలు పోతే...? అదీ అసలు చిక్కు. నకిలీ ముద్రల్ని పసిగట్టే ఏర్పాటును ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో తీసుకొచ్చింది. మంచిదే. అయినా మన జాగ్రత్త మనకుండాలి.

ఆధార్ వెబ్‌సైట్లో, ఎం-ఆధార్ యాప్‌లో 'బయోమెట్రిక్ లాక్' అని ఒకటుంటుంది. అది వేశామంటే ఎవరు మన ముద్ర పెట్టినా చెల్లదు. మనకు అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ వేలు పెట్టి పింఛను తీసుకునే అమ్మమ్మ సంగతేంటి? లాక్ వేస్తే ఒకటో తారీఖున ఆవిడ ముద్ర కూడా చెల్లదు. తెరవాలంటే ఆధార్‌కి కలిపిన ఫోన్‌కి ఓటీపీ రావాలి. ఆ ఫోన్ ఏ హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసుకునే మనవడి దగ్గరుంటుంది! అలాంటి ఇంట్లో లాక్ కంటే, ఆ ఖాతాకి ఏఈపీఎస్ ఆపేయమని బ్యాంకులో ఓ అర్జీ ఇవ్వడమే మేలు. వేలు పెట్టి డబ్బు తీసుకునే అలవాటు లేని వయసువాళ్లు మాత్రం లాక్ వేసుకోవడానికి ఆలోచించనక్కర్లేదు.

జిరాక్స్ షాపుకి పంపడానికి 'మాస్క్‌డ్ ఆధార్' ఉంది. అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. చాలా పనులకు అది సరిపోతుంది. అన్నట్టు, డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమా వద్దు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం... ఇదే అందరికీ పాస్‌వర్డ్! మీ పేరూ వయసూ తెలిసిన ఎవరైనా తెరిచేస్తారు.

ఇక ఇంట్లో కంప్యూటర్. జీడిపప్పు వ్యాపారి లెక్కలైనా, మాస్టర్ వీవర్ దగ్గరుండే నేతకారుల బ్యాంకు వివరాలైనా ఇప్పుడు ఎక్సెల్‌లోనే కదా! వాటిని కాపాడటానికి పైసా ఖర్చు లేదు. సెవెన్-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో ఫోల్డర్ని కుదించేటప్పుడు పాస్‌వర్డ్ అడిగే గడి ఉంటుంది. అక్కడ ఇచ్చామంటే లోపలి ఫైళ్లన్నీ ఏఈఎస్-256 పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అవుతాయి. ఫైళ్ల పేర్లనూ దాచమని టిక్ పెట్టడం మరవద్దు. లేదంటే 'ఆస్తి పత్రాలు' అన్న పేరు బయటికి కనిపిస్తూనే ఉంటుంది. ఇంకాస్త ఓపికుంటే వెరాక్రిప్ట్. కంప్యూటర్‌లోనే ఓ ఇనప్పెట్టె తయారుచేసి పెడుతుంది. 2014లో ఆగిపోయిన ట్రూక్రిప్ట్‌కి ఇది వారసుడు.

తాళం సంగతి సరే, తాళంచెవి? సారస్వత నికేతనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారని వేటపాలెంలో పిల్లల్నడిగినా చెబుతారు. కాబట్టి 'గాంధీ1929' అని పెట్టుకుంటే ఊరందరికీ తాళంచెవి ఇచ్చినట్టే. సంబంధం లేని నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. మగ్గం, గేదె, రైలు, నిమ్మకాయ... నవ్వొచ్చేలా ఉంటే ఇంకా బాగా గుర్తుంటుంది. (ఇవే పెట్టుకోకండేం!) ఒక్క మాట... ఈ తాళంచెవి పోతే 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' అనే బటనేదీ ఉండదు. కంపెనీవాడు కూడా తెరవలేడు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడం నామోషీ కాదు.

వాట్సాప్ 2016 నుంచే ఎన్‌క్రిప్ట్ అయి వస్తోంది కదా అంటారు. మెసేజ్ దారిలో ఉన్నంతసేపూ నిజమే. కానీ గూగుల్ డ్రైవ్‌కి వెళ్లే బ్యాకప్‌కి ఆ తాళం మనమే వేసుకోవాలి. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్... అక్కడుంటుంది.

సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఆ తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. దాని నిబంధనలు రావడానికి మాత్రం 2025 నవంబరు దాకా పట్టింది.

ఈలోగా డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకుకీ చెప్పాలి. జిరాక్స్ షాపులో మాత్రం 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కేసి వచ్చేయకండి. కంప్యూటర్‌లోకి దిగిన కాపీ దాంతో పోదు. కౌంటరు దగ్గరే నిలబడి, మీ ఎదుటే తీసేయమనండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమనండి.