చాట ముందు వంగిన మెడకు లెక్క ఎవరు కట్టాలి?

పోయిన సమావేశంలో చివరి పది నిమిషాలు గొడవైన విషయం మీదే ఈ రాత. అప్పుడు మాటలు పెరిగాయి గానీ సంగతి తెగలేదు. అందుకే కమిటీలో కొందరం కూర్చొని మా అభిప్రాయం రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

బీడీలు చుట్టే మన అక్కలకు బల్లలు, కుర్చీలు కొనిస్తామని ఒక దాత ముందుకొచ్చారు. మంచి మాట. మన కాలేజీ పిల్లలు ఇద్దరు లేచి, "కొనేముందు కంప్యూటర్‌లో లెక్క చూద్దాం" అన్నారు. వెనక నుంచి ఎవరో "నడుము నొప్పికి కంప్యూటర్ ఎందుకు, బామ్ చాలదా" అంటే అందరం నవ్వినం. మేమూ నవ్వినం. తర్వాత పిల్లలు చూపించింది చూసినంక సిగ్గనిపించింది.

వాళ్లు చూపించింది ఓపెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లది, డబ్బు కట్టే పని లేదు. డెన్మార్క్‌లో పుట్టిన ఎనీబాడీ ఇలాంటిదే. మనిషి ఎముకలు, కీళ్లు, కండరాలు తెర మీద బొమ్మగా ఉంటాయి. మనిషి ఎట్లా వంగాడో, ఎంత బరువు పట్టాడో చెబితే, లోపల ఏ కండరం ఎంత లాగుతుందో, ఏ కీలు మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క కడుతుంది.

ఇందులో మాయ లేదు, తక్కెడ లెక్కే. పది కిలోల మూట నడుముకు 40 సెంటీమీటర్ల ముందు పట్టుకున్నామనుకోండి. వీపు కండరం వెన్నెముకకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. మూటను ఆపడానికి అది 80 కిలోల బరువంత లాగాలి. పైశరీరం బరువు దీనికి అదనం. అమెరికా నియోష్ సంస్థ నడుము కింది డిస్కు మీద 3400 న్యూటన్ల ఒత్తిడి దాటితే జాగ్రత్త అంటుంది. అంటే దాదాపు 350 కిలోల బరువు. చేతిలో పది కిలోలే ఉన్నా లోపల పడేది వేరు.

మరి బీడీ చుట్టే అక్క చేతిలో బరువేముంది? తునికాకు, చిటికెడు తంబాకు, దారం. అందుకే ఆమె నొప్పిని ఎవరూ నమ్మరు. డాక్టర్ దగ్గరికి పోతే "వయసమ్మా" అంటారు. కానీ ఒళ్లో చాట పెట్టుకొని, దాదాపు ఐదు కిలోల తలను ముందుకు వంచి, గంటలు గంటలు కూర్చుంటే ఆ తలను మోసేది మెడ వెనక కండరాలే. మన అమ్మలు మోసిందీ ఆ బరువే.

ఇప్పుడు మా భేదాభిప్రాయం. కంప్యూటర్ చెప్పిందంతా వేదం కాదు. ఒక కీలును చాలా కండరాలు లాగుతాయి. ఉమ్మడి కుటుంబంలో ఎవరు ఎంత ఖర్చు పెట్టారో బయటివాళ్లకు తెలియనట్టే, ఏది ఎంత లాగిందో బయటికి కనబడదు. శరీరం తక్కువ శ్రమతో పని జరుపుకుంటుందని అనుకొని సాఫ్ట్‌వేర్ ఆ బరువును పంచుతుంది. అది అంచనా, ఎక్స్‌రే కాదు. పైగా బొమ్మలోని కండరాల కొలతలు ఎక్కువగా విదేశాల్లో కొద్దిమంది మృతదేహాల మీద తీసినవి. దాన్నే సాగదీసి, కుదించి మనకు తొడుగుతారు. మఠం వేసుకొని కూర్చొని రోజుకు వెయ్యి బీడీలు చుట్టే సోలాపూర్ ఆడమనిషి అందులో లేదు. మన దేశపు శరీర కొలతలతో 1997లో అహ్మదాబాద్ ఎన్ఐడీ నుంచి దేబ్‌కుమార్ చక్రవర్తి గారి పుస్తకం వచ్చింది. పిల్లలు అక్కడి నుంచి మొదలుపెట్టి, మన అక్కల కొలతలు కలిపితేనే లెక్కకు విలువ.

అయినా బల్లలు ముందే కొనడం మాకు సమ్మతం కాదు. ఒక్క గది ఇంట్లో బల్ల ఎక్కడ వేస్తారు? నాలుగు రోజులకు దాని మీద గిన్నెలు పేరుస్తారు, చాట మళ్లీ ఒళ్లోకే వస్తుంది. చాట కింద చిన్న పీట పెట్టి ఎత్తు పెంచితే మెడ మీద ఎంత తగ్గుతుంది, గోడకు ఆనుకుంటే నడుముకు ఎంత హాయి, ఇవి డబ్బు ఖర్చు కాకముందే తెర మీద పోల్చి చూడొచ్చు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తెలుసుకోవడానికి అంచనా కూడా పనికొస్తుంది.

ఒక అన్న అడిగారు, "వెయ్యికి రేటు పెంచితే ఆ గంటలే తగ్గుతయి గదా?" నిజమే. ఆమె లేవకుండా కూర్చునేది రేటు కోసమే, ఆ సంగతి ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు. దాని కోసం యూనియన్‌తో నిలబడుతున్నాం, నిలబడతాం. కానీ రేటు పెరిగేదాకా మెడ ఆగదు.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మన హాలులో కొలతలు తీస్తారు. కొలిచేది ఆడపిల్లలే, ఫోటోల్లో ముఖాలు రావు. ఇంట్లో అమ్మనో అత్తనో వదిననో తీసుకురండి. చాట కూడా తెచ్చుకోమనండి, ఎవరి చాట వాళ్లకే అలవాటు.