ఆటలో అరటిపండు

మనకు చుక్కల అమావాస్య అయిన రోజునే ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ. నాగలి, గొడ్డలి కడిగి పూజించుకునే రైతుల పండగ. పిల్లలకు మాత్రం అది గేడీ పండగ. రెండు వెదురు గడలు, నేలకు కాస్త ఎత్తున వాటికి తాళ్లతో బిగించిన రెండు వెదురు మెట్లు. వాటి మీద నిలబడి నడవాలి. తాడు కట్టు మీద కాస్త కిరసనాయిలు పోస్తే అడుగడుగునా రచ్ రచ్ మంటుంది. సగం సరదా ఆ చప్పుడులోనే ఉంది. వానాకాలం బురద దాటడానికి పుట్టిన సాధనం పిల్లల చేతికి చిక్కి ఆటవస్తువైంది.

రాయ్‌పూర్‌కు తూర్పున, మహానదికి దగ్గరలో ఉన్న ఆరంగ్ చుట్టుపక్కల ఊళ్లకు గేడీ కొత్తేమీ కాదు. 'పిల్లలు ఆటల వల్ల ఏం నేర్చుకుంటారు?' అంటే, గేడీని చూపించి 'పడి లేవడం' అనేయడం తేలిక. ఆ జవాబు మీద నాకు పెద్ద గురి లేదు. పడి లేవడం సైకిలూ నేర్పుతుంది. ఆట నేర్పేది వేరే ఉంది.

2022 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రభుత్వం ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ మొదలుపెట్టింది. పల్లె స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా, 14 ఆటలు. ఆ జాబితా చదువుతుంటే మన ఊరి వీధి కనిపిస్తుంది. పిట్ఠుల్ మన ఏడు పెంకులాట. బిల్లస్ తొక్కుడు బిళ్ల. భౌంరా బొంగరం. బాటీ అంటే గోళీలు. లంగ్డీ కుంటాట. ఫుగ్డీ ఆడపిల్లలు గొంతుకూర్చుని గెంతే ఆట. నలభై పైబడిన వారికీ ఒక విభాగం పెట్టడంతో చీర కట్టుకున్న అమ్మలు కూడా బరిలో దిగారు. మరుసటి ఏడాది తాడాట, కుస్తీ కలిసి ఆటలు 16 అయ్యాయి. 2023 చివర ప్రభుత్వం మారింది, ఆ పోటీలు ఆగిపోయాయి. బొంగరానికీ పార్టీ ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆ ప్రయత్నం మంచిదే. మరుగున పడుతున్న ఆటల పేర్లు మళ్లీ నలుగురి నోట పలికించింది. కానీ గోళీలాటకు అంపైరు వచ్చిన క్షణాన ఆటలోంచి ఒకటి జారిపోతుంది. ఏమిటది?

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే ఈ ప్రశ్న వెంటే పడ్డాడు. 1932లో వెలువడిన పిల్లల నైతిక ఆలోచన మీది పుస్తకాన్ని ఆయన మొదలుపెట్టింది గోళీలాటతోనే. జెనీవా, న్యూషాటెల్ వీధుల్లో పిల్లల పక్కన చేరి 'నాకూ నేర్పండి' అంటూ రూల్స్ అడిగేవాడు. చిన్నపిల్లలకు రూలంటే తండ్రో దేవుడో పెట్టినది, మార్చడానికి వీల్లేనిది. తమాషా ఏమిటంటే అంత పవిత్రమైన రూలును వాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు తప్పేస్తూ ఉంటారు. పది, పదకొండేళ్లు వచ్చేసరికి తలకిందులవుతుంది. రూలు మనం మనం అనుకున్నది, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు అంటారు. విచిత్రంగా, అప్పుడే దాన్ని గట్టిగా పాటిస్తారు. ఇంకో సంగతి కూడా ఆయన పట్టుకున్నాడు. పన్నెండు, పదమూడేళ్లకు గోళీలాట మానేస్తారు కాబట్టి, ఆ లోకంలో వాళ్లకు పైన పెద్దలెవరూ లేరు. చట్టం చేసేదీ వాళ్లే, కట్టుబడేదీ వాళ్లే.

మా చిన్నప్పుడు ఒక గోళీ గుంతలో పడిందా, అంచు మీద ఆగిందా అన్న తగాదా పొద్దుగూకేదాకా నడిచేది. పుల్ల పెట్టి కొలిచేవాళ్లం. తొండి అన్నవాడిని తొండి అనేవాళ్లం. కచ్చి కొట్టుకునేవాళ్లం. మర్నాడు పొద్దున్నే ఆ కచ్చి కొట్టినవాడే కావాలి, ఎందుకంటే ఒక్కడితో ఆట సాగదు. ఆ అవసరం నేర్పిన రాజీ ఏ నీతి పాఠమూ నేర్పలేదు. పంటలు వేసుకుని దొంగ ఎవరో తేల్చుకోవడం, దెబ్బ తగిలితే 'తూచ్' అనగానే ఆట ఆపేయడం, ఇవన్నీ మాస్టారు లేని బడిలోని సెక్షన్లు.

ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చినది అరటిపండు. చెల్లిని చూసుకోమని అమ్మ పంపిస్తుంది. దానికి నాలుగేళ్లు. పరుగెత్తలేదు, దాక్కోలేదు. పొమ్మంటే ఏడుస్తుంది. అందుకని దాన్ని అరటిపండు చేస్తారు. అది ఆటలో ఉంటుంది, ఔటవదు, దొంగ కాదు. బలహీనుడికి చోటిచ్చే ఈ నిబంధన ఏ క్రీడా సమాఖ్య రూలు పుస్తకంలోనూ లేదు. పిల్లలు పుట్టించుకున్నది.

వీధి ఆటంతా ధర్మరాజ్యమేమీ కాదని నాకూ తెలుసు. బలవంతుడి మాట రూలయ్యే వీధులున్నాయి. బ్యాటు ఎవరిదైతే మొదటి బ్యాటింగు వాడిదే. ఫలానా పేట పిల్లల్ని రానివ్వని గుంపులున్నాయి, పన్నెండేళ్లు రాగానే ఆడపిల్లను లోపలికి పిలిచే ఇళ్లున్నాయి. అక్కడ పెద్దల జోక్యం అవసరమే. అయితే మనం జోక్యం చేసుకుంటున్నది వాటిలో కాదు, ఆటలో.

ఆరంగ్‌కు అంత దూరం కాని నవా రాయ్‌పూర్ వైపు పర్సదాలో షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియం ఉంది. 2023 జనవరి 21న అక్కడ జరిగిన మొదటి వన్డేలో న్యూజిలాండ్ 108కే కుప్పకూలింది. టాస్ గెలిచిన రోహిత్ శర్మ ఏం ఎంచుకోవాలో మరిచిపోయి తల పట్టుకున్నదీ అక్కడే. అలాంటి మైదానం చూసిన తండ్రికి కొడుకును అకాడమీలో చేర్చాలని అనిపించడం సహజం. దేశానికి బ్యాడ్మింటన్ పతకాలు తెచ్చిపెట్టిన పుల్లెల గోపీచందే 2025లో, డబ్బున్నవాళ్లు కాకపోతే పిల్లల్ని క్రీడల్ని వృత్తిగా పెట్టుకోనివ్వొద్దన్నట్టు హెచ్చరించారు. గెలవనివాళ్ల గతేమిటన్నది ఆయన ఆవేదన. అది న్యాయమైనదే. కానీ ఆ తర్వాత చర్చంతా ఆట అంటే కెరీరే అన్నట్టు సాగింది. కెరీర్ కాకపోతే ఇక ఆటెందుకన్న ముగింపుకు చాలా ఇళ్లు తేలిగ్గా వచ్చేశాయి.

ఆరంగ్ పేరు వెనక ఒక కథ చెబుతారు. ఇచ్చిన మాట కోసం మోరధ్వజ రాజు కన్నకొడుకును ఆరాతో, అంటే రంపంతో, కోయడానికి సిద్ధపడ్డ చోటు అదేనట. మన మయూరధ్వజుడే. ఇప్పటి తల్లిదండ్రుల రంపం కోసేది పిల్లవాడి పొద్దును. సగం బడికి, సగం ట్యూషన్‌కు. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. అపార్టుమెంటు మేడల్లో నడిచే బడులు ఆ స్థలాన్ని ఎక్కడ చూపిస్తున్నాయో అధికారులకే తెలియాలి. పీఈటీ పీరియడ్ టైంటేబుల్‌లో ఉంటుంది, లెక్కల మాస్టారు వచ్చి తీసుకుంటారు. టైంటేబుల్‌లో అదే అరటిపండు.

అడిగేది పెద్దదేమీ కాదు. రోజుకో గంట, ఖాళీ నేల, ఈల లేని పెద్దమనిషి ఒకరు. దెబ్బలు తగిలితే చూడటానికి ఆయన ఉండాలి, తీర్పులకు కాదు. మొదటి వారం పదిమంది పరుగెత్తుకొస్తారు, 'సార్, వీడు తొండి' అని. 'మీరే తేల్చుకోండిరా' అని ఆయన పేపరు తిప్పుకోవాలి.