ఉక్కు పలక, గాలి రెక్క

అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో (2018 డిసెంబర్ నుంచి అధికారికంగా స్వరాజ్ ద్వీప్) డైవింగ్ పడవ ఎక్కేవాళ్లలో ఎవరు కొత్తో ఎవరు పాతో చాలాసార్లు వాళ్ల వీపే చెప్పేస్తుంది. కొత్తవాళ్ల ఒంటి మీద జేబులు, మెత్తలు, క్లిప్పులు ఉన్న నల్లని జాకెట్ ఉంటుంది. అనుభవం గడించినవాళ్లలో కొందరి వీపున మాత్రం వంచిన లోహపు పలక, దాని రంధ్రాల్లోంచి తిప్పి కట్టిన ఒకే ఒక్క పట్టీ, పలకకూ సిలిండర్‌కూ మధ్య గాలితో ఉబ్బే ఒక సంచి కనిపిస్తాయి. పలక పేరు బ్యాక్‌ప్లేట్, సంచి పేరు వింగ్, అంటే రెక్క. జాకెట్ ఏ డైవింగ్ కేంద్రంలోనైనా అద్దెకు దొరుకుతుంది. పలక, రెక్కలను మాత్రం చాలావరకు సొంతంగా కొనుక్కోవాల్సిందే. పొరపాట్లు మొదలయ్యేది కూడా అక్కడే.

ఆ పొరపాట్ల వల్ల పోయేది డబ్బొక్కటే అయితే పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. కానీ ఈ సామగ్రి చేసే పని మనిషిని నీటిలో మునగకుండా, తేలకుండా కావలసిన లోతులో నిలపడం. ఆ లెక్క తప్పితే 20 మీటర్ల లోతున రెండే దారులుంటాయి. మరింత కిందికి జారిపోవడం, లేదా అదుపు తప్పి పైకి దూసుకురావడం. రెండోది ఊపిరితిత్తులకు ప్రాణాంతకం కావచ్చు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 1992-2003 మధ్య జరిగిన 947 డైవింగ్ మరణాలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ప్రమాదానికి తొలి కారణం తేలిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడం వల్ల, 20 శాతం ఇరుక్కుపోవడం లేదా చిక్కుకోవడం వల్ల, 15 శాతం పరికరాలతో వచ్చిన ఇబ్బందుల వల్ల మొదలయ్యాయి. చాలా కేసుల్లో ఆ తర్వాతి మెట్టు కంగారుగా పైకి రావడమే.

ఈ పలక పుట్టింది పగడపు దిబ్బల మీద కాదు, ఉత్తర ఫ్లోరిడాలోని నీటి గుహల్లో. 1970ల చివర్లో అక్కడి గుహ డైవర్లు రెండేసి బరువైన సిలిండర్లను వీపున గట్టిగా బిగించుకునే మార్గం వెతుకుతూ లోహపు పలకను తయారు చేసుకున్నారు. పలక మీద రెండు రంధ్రాల మధ్య దూరం 11 అంగుళాలుగా స్థిరపడింది. ఇప్పటికీ అదే కొలత కొనసాగుతోంది. కాబట్టి ఒక కంపెనీ పలకకు మరో కంపెనీ రెక్క చాలావరకు సరిపోతుంది. తర్వాత విలియం హోగార్త్ మెయిన్ అనే గుహ డైవర్ అనవసరమైన ప్రతి క్లిప్పునూ తీసిపారేసే పద్ధతికి పేరుపడ్డాడు. 1990ల్లో అది 'డూయింగ్ ఇట్ రైట్' పేరిట ఒక సిద్ధాంతంగా, కొందరికి దాదాపు ఒక మతంగా మారింది. ఆ భక్తుల మాట వినేవారు ఒక సంగతి మరచిపోకూడదు. వాళ్ల నియమాలు పుట్టింది తలపైన రాతి కప్పు ఉన్న చోట, చల్లని నీటిలో, జంట సిలిండర్లతో. నేత్రాని దీవి దగ్గరో హేవ్‌లాక్ దగ్గరో 28 డిగ్రీల నీటిలో ఒక్క సిలిండర్‌తో దిగేవారి అవసరం వేరు.

అసలు లెక్క బడిలో చదువుకున్న ఆర్కిమెడిస్ సూత్రమే. ఇక్కడి కేంద్రాల్లో ఎక్కువగా ఇచ్చేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్. నిండుగా ఉన్నప్పుడు అది ఉప్పునీటిలో మునుగుతుంది. లోపలి గాలి బరువే దాదాపు రెండున్నర కిలోలు. డైవ్ చివరికి ఆ గాలి చాలామటుకు అయిపోయి సిలిండర్ కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా పైకి లాగడం మొదలుపెడుతుంది. ఒంటి మీది 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ మరో రెండు కిలోలు పైకి లాగుతుందనుకుందాం. రెగ్యులేటర్ ఒక కిలో దాకా కిందికి లాగుతుంది. మనిషి శరీరం అర కిలో నుంచి కిలో వరకు తేలుతుంది. అంతా కలిపితే, డైవ్ ఆఖర్లో 5 మీటర్ల దగ్గర కదలకుండా నిలవాలంటే మూడున్నర కిలోల బరువు కావాలి. ఇవి మనిషిని బట్టి, సూట్‌ను బట్టి మారే అంకెలే గానీ లెక్క వేసే తీరు మాత్రం మారదు.

ఇప్పుడు పలక సంగతి. స్టెయిన్‌లెస్ స్టీల్ పలక సుమారు 2.7 కిలోలు. నీటిలో దాని ప్రభావం 2.3 కిలోలు. అల్యూమినియం పలక గాలిలో 0.9 కిలో, నీటిలో అర కిలోకు కాస్త ఎక్కువ. పై లెక్కలోని డైవర్ ఉక్కు పలక తగిలించుకుంటే నడుముకు కట్టే సీసం ఒక కిలో సరిపోతుంది. అల్యూమినియం అయితే మూడు కిలోలు కావాలి. ఉక్కు పలకను మెచ్చుకునేవారు చెప్పేది ఇదే. నడుము మీది బరువు వీపు మీదికి మారుతుంది, మనిషి నీటిలో పడుకున్నట్టు సమంగా ఉంటాడు, కాళ్లు కిందికి వేలాడవు. అది నిజం. రీఫ్ కట్టే గట్టి పగడాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలి షెడ్యూల్లో చేరాయి. వాటికి చట్టం కన్నా ముందు కావాల్సిన రక్షణ, వేలాడే ఫిన్ల నుంచి.

కానీ అదే డైవర్ మే నెలలో వెట్‌సూట్ వద్దనుకుని పల్చటి రాష్‌గార్డ్‌తో దిగితే లెక్క తలకిందులవుతుంది. సూట్ ఇచ్చే రెండు కిలోల తేలుడు పోయింది. కావాల్సింది కిలోన్నరే. ఉక్కు పలక ఒక్కటే దాన్ని దాటేసింది. పైగా ఆపదలో విప్పి పారేయడానికి బెల్టు లేదు, ఉన్న బరువంతా వీపుకు బిగించి ఉంది. డైవ్ మొదట్లోనే రెక్క చిరిగి గాలి పోయిందనుకుంటే, వాడని రెండున్నర కిలోల గాలి, పలక మిగులు బరువు కలిపి మూడు కిలోలకు పైగా భారాన్ని కాళ్లతో తన్నుకుంటూ పైకి లాక్కురావాలి. కండబలం ఉన్నవారికి అది సాధ్యమే. అలసిపోయి, ఎదురు ప్రవాహంలో ఉన్నవారికి కాదు. ఇక ఉక్కు సిలిండర్ ఖాళీ అయ్యాక కూడా సాధారణంగా మునుగుతూనే ఉంటుంది. వెచ్చని నీటిలో ఉక్కు పలకకు అది తోడైతే పరిస్థితి మరీ కష్టం.

ఉక్కు మీద ఇంకో అభ్యంతరం విమానాశ్రయంలో ఎదురవుతుంది. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో శ్రీ విజయపురం (2024 సెప్టెంబర్ వరకు పోర్ట్ బ్లెయిర్) వెళ్లే చాలా విమానాల్లో ఎకానమీ టికెట్‌కు అనుమతించే చెక్-ఇన్ సామాను 15 కిలోలే. ఉక్కు పలక, పట్టీలు, రెక్క, సిలిండర్ బిగించే భాగాలు కలిపితే అందులో అయిదు కిలోల దాకా వాటికే పోతుంది. ఆ పలక మిగిల్చేది రెండు కిలోల సీసం. ఆ సీసాన్ని డైవింగ్ కేంద్రమే ఇస్తుంది, అదీ దాదాపు ఎప్పుడూ డైవ్ ధరలోనే. ఊరికే దొరికే బరువును విమానంలో మోసుకెళ్లడంలో అర్థం లేదు. విమానమెక్కి వెళ్లి డైవ్ చేసేవారికి అల్యూమినియమే మేలు. చుట్టి పెట్టుకునే గుడ్డ పలకలు కూడా వస్తున్నాయి. తేలికే గానీ లోహపు పలకలా వీపున కదలకుండా కూర్చోవు. ఉక్కు ఎవరికంటే, 5 లేదా 7 మిల్లీమీటర్ల సూట్ వేసుకునేవారికి, కారు డిక్కీలో సామాను వేసుకుని వెళ్లేవారికి. విశాఖలో ఉంటూ రుషికొండ దగ్గర దిగే వ్యక్తికి సామాను బరువు బెంగ లేదు. అయినా అతడు కూడా ముందు తన సూట్ మందం చూసుకోవాలి.

రెక్క దగ్గర జరిగే పొరపాటు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ పెద్దదే మంచిదనుకుంటారు. రెక్క సామర్థ్యాన్ని పౌండ్లలో చెబుతారు. 20 పౌండ్లంటే 9 కిలోలు, 30 పౌండ్లంటే 13.6 కిలోలు. ఒక్క సిలిండర్ డైవర్‌కు ఎంత కావాలి? వాడని గాలి రెండున్నర కిలోలు, 20 మీటర్ల లోతున ఒత్తిడికి వెట్‌సూట్ నలిగి కోల్పోయే తేలుడు కిలో పైచిలుకు. అంటే నీటి అడుగున నాలుగు కిలోలు చాలు. ఉపరితలంలో తల నీటిపైన నిలవడానికి మరో నాలుగైదు కిలోలు. సామగ్రిని విప్పి నీటిలో వదిలితే అది తనంతట తాను తేలగలగాలి కూడా. ఎలా కూడినా 9 నుంచి 14 కిలోల రెక్క సరిపోతుంది. జంట సిలిండర్ల కోసం చేసిన 20 కిలోల పైబడిన రెక్కను ఒక్క సిలిండర్‌కు తగిలిస్తే దాని అంచులు దోసె మడతలా సిలిండర్ చుట్టూ ముడుచుకుంటాయి. లోపలి గాలి మడతల్లో చిక్కి, వదలాలనుకున్నప్పుడు బయటికి రాదు. పైకి వస్తున్న డైవర్‌కు అంతకన్నా చేటు లేదు.

ఆకారంలో రెండు రకాలు. గుర్రపు నాడాలా కింద తెరుచుకున్నదొకటి, గారెలా గుండ్రంగా కలిసిపోయిందొకటి. గుండ్రటి దానిలో గాలి ఒక పక్క నుంచి మరో పక్కకు సులువుగా పారుతుంది, ఎటు ఒరిగినా ఎడమ వైపు కింది వాల్వ్‌కు చేరుతుంది. ఒక్క సిలిండర్‌కు ఇదే కాస్త నయం. దీనిపై జరిగే వాదోపవాదాల వేడికి మాత్రం ఆధారం తక్కువ. రెక్కకు యూరప్ ప్రమాణం ఈఎన్ 1809 గుర్తు ఉందో లేదో చూసుకోవడం, ఇన్‌ఫ్లేటర్ మీట ఇరుక్కుంటే గాలి గొట్టాన్ని చేతి తొడుగుతో కూడా ఊడదీయగలరో లేదో పరీక్షించుకోవడం అంతకన్నా ముఖ్యం.

దుకాణంలో ఎవరూ చెప్పనిది పట్టీ గురించి. రెండంగుళాల వెడల్పున్న ఒకే పట్టీ రెండు భుజాల మీదుగా నడుము దాకా వస్తుంది. జాకెట్‌లా లాగి బిగించుకునే ఏర్పాటు లేదు. ఎవరి కొలతకు వారు ఒకసారి సర్దుకుని, మిగిలింది కత్తిరించుకోవాలి. భుజం మీది పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. బిగుతుగా ఉంటే పడవ మీద నిలబడినప్పుడు బాగానే ఉంటుంది గానీ, నీటిలో చెయ్యి బయటికి తీయడం అసాధ్యమవుతుంది. భుజానికి పాత గాయం ఉన్నవారు ఒక వైపు విడిపోయే బకిల్ ఉన్న పట్టీ తీసుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. గుహ డైవర్లు నవ్వితే నవ్వనివ్వాలి. పొట్టివారికి, ముఖ్యంగా చాలామంది మహిళలకు, మామూలు పలక నడుము కిందికి దిగి గుచ్చుకుంటుంది. పొట్టి పలకలు ఉన్నాయి, అడిగితేనే తీసి చూపిస్తారు.

కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ పలకను పైకి జారనివ్వదు. అయితే సీసం బెల్టు వేరుగా కట్టేవారు ఆ పట్టీ బెల్టుకు అడ్డం పడకుండా చూసుకోవాలి. బెల్టు విప్పినా పట్టీకి తగులుకుని వేలాడితే విప్పిన ప్రయోజనం లేదు. ఉపరితలంలో మరో తేడా కనిపిస్తుంది. జాకెట్ మనిషిని నిటారుగా నిలుపుతుంది. రెక్కను పూర్తిగా ఊదితే మొహం ముందుకు వాలుతుంది. కాస్త తక్కువ ఊది వెనక్కి వాలితే సరిపోతుంది, రెండు మూడు డైవ్‌లలో అలవాటవుతుంది.

ఏడాదికోసారి నాలుగు రోజుల సెలవుకు వెళ్లి ఆరేడు డైవ్‌లు చేసేవారికి ఇదంతా అనవసరమే. వాళ్ల డబ్బు ముందు మొహానికి సరిపడే మాస్క్‌కు, ఆ తర్వాత డైవ్ కంప్యూటర్‌కు పోవాలి. అద్దె జాకెట్‌తో బరువు సరిగ్గా చూసుకోవడం నేర్చుకుంటే సగం సమస్య తీరుతుంది. కొన్నవారు మాత్రం మొదటి డైవ్ ముప్పై మీటర్ల దిబ్బ మీద కాకుండా లోతు తక్కువ చోట చేయడం నయం. సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు 5 మీటర్ల దగ్గర రెక్కలోని గాలంతా వదిలేసి, మామూలుగా ఊపిరి తీస్తూ నిలబడి చూడాలి. కిందికి జారితే అర కిలో, కిలో చొప్పున సీసం తగ్గించాలి. తగ్గించడానికి సీసమే మిగలకపోతే పలక మార్చాలి. నీళ్లలోకి దిగేముందు తోడు డైవర్‌కు బకిల్ ఎటు తెరుచుకుంటుందో, పట్టీ కోసే కట్టర్ ఎక్కడుందో చూపించాలి. ఎప్పుడూ జాకెట్ క్లిప్పులకే అలవాటుపడిన వ్యక్తి ఆపదలో ఆ క్లిప్పుల కోసమే తడుముతాడు.